కష్టపడని నీడ

(ధ్యానభాగము: యోనా గ్రంథము 4వ అధ్యాయము)



గత వేసవిలో సెలవుల బైబిలు బడి ముగిసిన పిమ్మట మా సంఘములోని యౌవనస్థులు నన్ను చుట్టుకొని, "అయ్యగారండీ, ఈ ఏడైనా మమ్మల్ని ఎక్కడికైనా తీసుకెళ్లండి" అని పట్టుబట్టిరి. సముద్రమునకనిన తల్లులు ఒప్పుకొనరు. పట్టణమునకనిన నా సంచి ఒప్పుకొనదు. మాది కొల్లేటి అంచున నున్న గ్రామము. ఎటు చూచినను చేపల చెరువులు, గట్లు, నీరు. కొండ యనునది మా పిల్లలలో అనేకులు దగ్గరనుండి చూచి యెరుగరు. గనుక ఏలూరు మీదుగా కామవరపుకోట వైపునకు పోయి, గుంటుపల్లె కొండ చూచి వత్తమని నిర్ణయించితిని.

ఈ మాట తెలిసి సంఘ పెద్దలలో ఒకరు సాయంకాలము మా యింటికి వచ్చిరి. ఆయన నెమ్మదస్థుడు, ఊరకనే అడ్డు చెప్పువాడు కాడు. "అయ్యగారూ, అవి బౌద్ధుల గుళ్లంట కదండీ. మన పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లడం తప్పు కాదాండీ?" అని అడిగెను. నేను తడుముకొనక, "పెద్దయ్యగారూ, అక్కడ ఇప్పుడు ఏమీ లేదండీ. పాడుపడిన రాళ్లే. పిల్లలు ఎక్కి దిగి వస్తారు" అంటిని. ఆయన సరేనని వెళ్లిపోయెను. ఆ జవాబు ఎంత తప్పో మరుసటి దినము నాకు కొండమీద తెలిసినది. దానిని వెనుకకు తీసికొనుటకే ఇది వ్రాయుచున్నాను.

అది రోళ్లు పగులు రోహిణీ కార్తె. తెల్లవారుజామున కదలవలసిన వ్యాను ఎనిమిది గంటలకు కదిలినది. ఏలూరు దాటగానే మన నల్లరేగడి పోయి ఎర్రనేల వచ్చును. చెరువులకు బదులు మామిడి, జీడిమామిడి, ఆయిల్ పామ్ తోటలు కనబడును. పిల్లలు పాటలు పాడుచు వచ్చిరి గాని, కొండ క్రింద దిగునప్పటికి పాట యెవరి నోటను లేదు. సూర్యుడు నడినెత్తికి వచ్చియుండెను.

ఎండ మాట వచ్చినది గనుక ఒక్క సంగతి చెప్పెదను. ఏలూరికి ఉత్తరమున దగ్గరలోనే పెదవేగి యున్నది గదా. అది ఒకప్పటి వేంగి రాజధాని. శాలంకాయనులు, తరువాత తూర్పు చాళుక్యులు ఏలిన చోటు. క్రీస్తు శకము 7వ శతాబ్దములో చీనాదేశపు బౌద్ధ సన్న్యాసి హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రదేశమునకు వచ్చెను. ఆయన చెప్పిన రాజధాని ఈ వేంగియేనని పండితులు తలంతురు. ఇరువది చిల్లర విహారములు, మూడువేలమంది సన్న్యాసులు ఉన్నారని వ్రాసిపెట్టెను. భూమి సారవంతమైనదనెను. ఈ దేశము వేడియైనదని కూడ వ్రాసెను! పదమూడు వందల ఏండ్లకు పైబడినను ఆ యొక్క మాట మాత్రము దిద్దవలసిన పని లేదు.

టిక్కెట్లు తీసికొని మెట్లు ఎక్కితిమి. సగము ఎక్కకమునుపే నా కాళ్లు వణకెను. పిల్లలు ముందుకు పరుగెత్తిరి. కొండమీద మిట్టపై చిన్నవి పెద్దవి స్తూపములు పదుల కొలది యున్నవి, మొండి దిబ్బలవలె. ఇటుకతో కట్టిన చైత్యము అడుగుభాగము, విరిగిన స్తంభములు, కొండను తొలిచిన విహారములు ఉన్నవి. వీటిలో మిక్కిలి పాతవి క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దపువని చెప్పుదురు. అనగా మన ప్రభువు బేత్లెహేములో పుట్టకమునుపే ఇక్కడ ఉలి మోగినది. అయితే నిజము చెప్పవలెనన్న, ఆ ఘడియలో నా కన్నులు స్తూపములను వెదకలేదు. నీడను వెదకినవి.

నీడ దొరికినది. అది గుండ్రని గుహ. ముఖద్వారము గుఱ్ఱపు లాడమువలె వంపు తిరిగియుండును. లోపల నడుమ రాతి స్తూపము, దాని చుట్టు మనిషి నడువ చాలినంత సందు. బయటనుండి లోపలికి అడుగుపెట్టగానే, బావిలోనికి దిగినట్లు చల్లదనము నన్ను తాకెను. అక్కడనే గోడకు ఆనుకొని కూలబడితిని. చెమట ఆరుచుండగా నా మనస్సులో ఒక తలంపు పుట్టెను. జేబులోని చిన్న పుస్తకము తీసి, రానున్న ఆదివారపు ప్రసంగమునకు పనికివచ్చునని, వారు పోయిరి, వారి ధ్యానములు మాసినవి, మన సంఘము నిలిచియున్నది, అని మూడు ముక్కలు వ్రాసికొంటిని. వ్రాసి తృప్తిపడితిని కూడ. ఆ కాగితము ఇప్పటికిని నా యొద్ద నున్నది, చింపలేదు.

తరువాత తల యెత్తి కప్పు చూచితిని. ప్రియులారా, మీరెవరైనను చుట్టిల్లు ఎరుగుదురా? నేటి పిల్లలు ఎరుగరు. మా నాయనమ్మ చుట్టింటిలో కాపురముండెను. గుండ్రని మట్టిగోడ, పైన తాటాకు కప్పు, లోపల పడుకొని పైకి చూచినయెడల వాసములన్నియు చుట్టునుండి వచ్చి నడిమి కొనలో కలిసికొనుచుండును. గాలివానకు తట్టుకొనవలెనని మన సముద్రపు ప్రక్క వారు అట్లు కట్టుకొనిరి. చిన్నతనములో ఆ వాసములను లెక్కపెట్టుచు నేను నిద్రపోయెడివాడను. గుంటుపల్లె గుహలో నా తలపైని కప్పు అదియే! వాసములు, వాటిని పట్టియుంచు అడ్డకఱ్ఱలు, అన్నియు ఉన్నవి. రాతిలో చెక్కినవి. రాతికి వాసములు అక్కరలేదు, కొండ తనంతట తానే నిలుచును. అయినను తొలిచినవారు తమకు తెలిసిన యింటినే రాతిలో పెట్టిరి. కఱ్ఱ యిండ్లలో పుట్టి పెరిగిన పనివారు, ఇల్లనిన ఇట్లుండవలెనని తలంచి, ఉలి పట్టుకొని, ఏ ఎండలోనో, ఎన్ని యేండ్లో కష్టపడిరి. వారి పేరులు లేవు. నేను వారి వాసముల క్రింద కాళ్లు చాపుకొని కూర్చుండి, వారు పోయిరని సంతోషించుచున్నాను.

అంతలో బయట కేక వినబడెను.

కొండక్రింది ఊరి ముసలాయన యొకడు తాటిముంజలు అమ్ముకొనుచు మాతోకూడ పైకి వచ్చియుండెను. ఆయన ఒక విహారము ముందర నిలువబడి మా పిల్లవాని చెయ్యి పట్టుకొనియుండెను. పిల్లవాని చేతిలో మేకు. గోడమీద వాని పేరు, సంవత్సరము. వాడు చెడ్డవాడు కాడు. మా గుడి గోడమీద క్రిస్మసుకు వాక్యములు వ్రాయువాడు వాడే. వాని చేతివ్రాత ముత్యములవలె నుండును. ఇక్కడను ముత్యములవలెనే చెక్కెను! చుట్టు అంతకుముందే ఎందరివో పేరులున్నవి. "అందరూ రాశారు కదండీ" అని వాడు మెల్లగా అనెను. నేను కోపముతో నా తువ్వాలు తడిపి తుడువబోగా ముసలాయన ఆపెను. "తుడవకండి ఫాదరుగారూ, రాయి ఇంకా పొడైపోద్ది. ఇంక అది అలాగే ఉంటది." మనలను బయటివారు ఫాదరు అనుట వాడుక, నేను దిద్దలేదు. అప్పుడాయన కోపము లేకుండ, తెలిసికొనగోరినవానివలె అడిగెను. "మీ గుడి గోడ మీద ఎవరన్నా వచ్చి ఇలా రాసుకుంటే ఊరుకుంటారాండీ?"

నేనేమియు చెప్పలేకపోతిని. ఇట్టి కట్టడములను చెరుపువారికి 1958వ సంవత్సరపు చట్టమున్నది. 2010లో దానిని సవరించి, రెండేండ్ల చెర, లేక లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును అని శిక్ష పెంచిరి. కాని ఆయన చట్టము మాట ఎత్తలేదు. ఆయనకు ఆ చోటు తన గుడి. మరల గుహ దగ్గరకు నడుచుచు తానే చెప్పెను. లోపలి స్తూపమును తమ ఊరివారు ధర్మలింగేశ్వరుడని కొలుతురట. సన్న్యాసులు పోయి ఎన్ని వందల ఏండ్లయినను అక్కడ మొక్కుట మానలేదు. నేను నీడకొరకు చెప్పులతో కాళ్లు చాపుకొన్నది ఆయన మ్రొక్కు ఎదుటనే. "అక్కడ ఇప్పుడు ఏమీ లేదండీ" అని పెద్దయ్యగారితో నేను అనిన మాట అప్పుడు నా చెవిలో మరల మ్రోగెను.

దిగివచ్చునప్పుడు యోనా నా తలంపునకు వచ్చెను. ఆయన కథలో మనము చేప దగ్గరనే ఆగిపోవుదుము. ఆదివారపు బడి బొమ్మలలోను చేపయే. కాని నాలుగవ అధ్యాయము చదువుడి. ప్రవక్త పట్టణము విడిచి తూర్పు తట్టున కూర్చున్నాడు. ఎందుకు? ఆ పట్టణము ఏమగునో చూచుటకు. పాడైపోవునేమో చూతమని ఆశ. ఎండగా నున్నది. పందిలి వేసికొనెను. దేవుడు సొరచెట్టు మొలిపించి నీడనిచ్చెను, యోనా బహు సంతోషించెను. మరునాడు పురుగు తొలిచి చెట్టు వాడెను. వేడిగాలి వీచెను. తలకు ఎండ తగిలి సొమ్మసిల్లి, చచ్చుట మేలనెను. చెట్టు కొరకు అంత దుఃఖము! ఎదుట నున్న లక్ష యిరువది వేల పైబడిన మనుష్యుల కొరకు ఒక్క నిట్టూర్పు లేదు. అప్పుడు దేవుడు అడిగిన ప్రశ్నలో ఒక సంగతి నేను ఇరువది ఏండ్లుగా ప్రసంగించుచును గమనింపలేదు. ఆ నీడ కొరకు నీవు కష్టపడలేదు, పెంచలేదు అని దేవుడు ఆయనకు జ్ఞాపకము చేసెను. ఎండలో కూర్చుండి ఒరుల పట్టణమును వేడుక చూచువాడు, తన తలపైని నీడ ఎవరిదో అడుగడు.

ఆ నీనెవె తరువాత నిజముగానే పాడైనది. క్రీ. పూ. 612లో శత్రువులు దానిని కూల్చిరి. రెండు వందల ఏండ్లు గడచిన పిదప గ్రీకు సైనికుడు క్సెనొఫోను తన సేనతో ఆ శిథిలముల ప్రక్కగా నడిచిపోయెను. గోడల కొలతలు వ్రాసెను గాని అది నీనెవెయని ఆయనకు తెలియలేదు. అంత పట్టణము, పేరైనను మిగులలేదు. మన దినములలో, 2014లో, మోసూలు దగ్గర అక్కడివారు యోనా సమాధియని గౌరవించుచు వచ్చిన కట్టడమును సాయుధులు మందుగుండుతో పేల్చివేసిరి. అంతకుముందు 2001లో ఆఫ్ఘనిస్తానములోని బామియాన్ బుద్ధ విగ్రహములను అట్లే చేసిరి. మా పిల్లవాని మేకును ఆ మందుగుండును ఒక్క త్రాసులో తూచుట న్యాయము కాదు. వాడు ద్వేషముతో చేయలేదు, ఊసుపోక చేసెను. నేనైతే మేకు పట్టలేదు. నా చిన్న పుస్తకములో వ్రాసికొంటిని. ఎవరి వ్రాత ఎక్కువ లోతుగా దిగినదో నాకు సందేహముగానే యున్నది. ఓబద్యా ప్రవక్త ఎదోమీయుల మీద మోపిన నేరములలో దోపిడి ఒక్కటియే లేదు. సహోదరుని శ్రమదినమున నిలువబడి చూచి ఆనందించుట కూడ ఉన్నది. చూపు కూడ లెక్కకు వచ్చునన్నమాట.

అయితే పెద్దయ్యగారి ప్రశ్న మిగిలియున్నది. వెళ్లవచ్చునా? ఆయన మనస్సాక్షిని నేను తేలికగా త్రోసివేయను. మన ముందటి తరము వారు ఆ హద్దులు గీసికొనుటకు చాలా వెల చెల్లించిరి. అయినను అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో పౌలును చూడుడి. ఏథెన్సులో ఆయన ఆత్మ కలత చెందెను, అది నిజమే. కలత చెందెను గనుక కన్నులు మూసికొని నడిచెనా? లేదు. వారి పూజాస్థలములను తిరిగి తిరిగి చూచెను. ఒక బలిపీఠము మీది వ్రాతను చదివెను. అరేయొపగులో నిలువబడినప్పుడు వారి కవుల మాట కూడ ఆయన నోట వచ్చినది. హేళన రాలేదు. వారి నమ్మికకు ఆయన ఒప్పుకొనలేదు. నేనును ఆ స్తూపమునకు మ్రొక్కలేదు, మ్రొక్కను. మ్రొక్కకుండుట వేరు, అక్కడ మనుష్యులే లేరన్నట్లు తిరుగుట వేరు. వీటి నడుమ నున్న సందు, ఆ గుహలోని సందువలె, ఇరుకైనదే గాని మనిషి నడువవచ్చును.

ఒకవేళ ఈ మాట ఎవరికైన కష్టముగా తోచినయెడల మన కొల్లేటిని తలంచుకొనుడి. చలికాలములో ఆటపాక దగ్గర గూడబాతులను చూచుటకు పట్టణములనుండి కార్లలో వత్తురు. పక్షులను చూచి, త్రోవలో వలలు బాగుచేసికొనుచున్న మన స్త్రీలను కూడ ఫోటోలు తీసికొందురు. అమ్మా, నీ పేరేమని అడుగువారు అరుదు. వారు పోయిన తరువాత మన స్త్రీలు ఏమందురో నేను విన్నాను, ఇక్కడ వ్రాయరాదు. బందరులో డచ్చివారి పాత సమాధులున్నవి, 17వ శతాబ్దపువి. అవియు క్రైస్తవుల గోరీలే. వాటిమీద ఎవరైన కాళ్లు చాపుకొని కూర్చుండి, వీరు పోయిరి, మేము నిలిచితిమి అని వ్రాసికొన్నయెడల మనకెట్లుండును? నిలుచుట మాటకు వచ్చిన, ఏలూరులో చర్చి మిషను పని 1854లో మొదలైనది, ఇంకను రెండు వందల ఏండ్లు నిండలేదు. గుంటుపల్లెలో ఆ సన్న్యాసులు అంతకంటె ఎన్నో యెక్కువ ఏండ్లు వర్షకాలములు గడిపిరి. మన ఇటుకలను రెండువేల ఏండ్ల తరువాత రోహిణీ కార్తెలో ఎవరు చూతురో, ఏమి అందురో!

తిరుగు ప్రయాణములో పిల్లలు మాటలాడలేదు. మేకు పట్టిన పిల్లవాడు వెనుక సీటులో కిటికీ వైపు తిరిగి కూర్చుండెను. నేను గద్దింపవలెనని నోరు తెరచి, మనస్సు మార్చుకొని, పుస్తకములో చదివిన ఒక సంగతి చెప్పితిని. ఆ కొండమీద కూడ పేరులు చెక్కియున్నవి, రెండువేల ఏండ్ల నాటివి, బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో. కొండకు మహానాగపర్వతమని పేరు. గుహకు ఎక్కు మెట్లను ఎవరో దానమిచ్చినట్లు ఒక శాసనమున్నది. మహామేఘవాహన వంశపు సిరిసద అను మహారాజు యొద్ద చుళగోముడను లేఖకుడు, అనగా వ్రాతపని చేయువాడు, సన్న్యాసులకు ఒక మండపము కట్టించియిచ్చి, ఆ సంగతి స్తంభములమీద వ్రాయించెను. రాజు కాడు, సేనాధిపతి కాడు, గుమాస్తా వంటివాడు. తన జీతములోనుండి ఎండలో ఎక్కివచ్చువారికి నీడ ఇచ్చెను. తన పేరు చెక్కించుకొనెను, అవును. నీడ ఇచ్చిన తరువాత చెక్కించుకొనెను.

వ్యాను కామవరపుకోట దాటినది. చాలాసేపటికి ఆ పిల్లవాడు ఇటు తిరిగి, "అయ్యగారండీ, ఆయన దస్తూరి ఎలా ఉందండీ? బాగుందాండీ?" అని అడిగెను.

వాడు నిజముగానే తెలిసికొనగోరి అడిగెను. నేను వానికేమి చెప్పగలను? విరిగిన స్తంభముల ప్రక్కగా పోవునప్పుడు అక్కడ ఎండగా నుండెనని, నేను తల వంచుకొని గుహవైపునకు త్వరగా నడిచితిని. ఒక్కదాని యొద్దనైనను ఆగి చూడలేదు. ఆ మాటనే వానితో చెప్పితిని.